ఆయన కలిపిన పొడి

ఆదివారం పొద్దున మోతీనగర్‌లో మా ఇంట్లో, చర్చికి వెళ్ళడానికి చీర కట్టుకుంటుంటే ఫోన్ మోగింది. ఒకప్పుడు నేను వేషాలు వేసిన సినిమాలకి ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేసిన ప్రసాద్.

"మేడమ్, మన మేకప్ మాస్టారు పోయారండీ. నిద్రలోనే. పుణ్యాత్ముడు."

"అయ్యో" అన్నాను. ముప్ఫై ఏళ్ళుగా తెర మీద అయ్యో అంటున్నదాన్ని. ఆ మాట దానంతటదే వస్తుంది.

"వచ్చే ఆదివారం ఫిల్మ్ నగర్‌లో సంతాప సభ పెడుతున్నాం. మీరు నాలుగు మంచి మాటలు చెప్పాలి. ఆయన కుర్చీలో మీరు కూర్చున్నంతగా ఇంకెవరు కూర్చున్నారు చెప్పండి?"

సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ నాలుగు మంచి మాటల కోసం వెతుక్కున్నాను. మాటల కంటే ముందు నా ముక్కుకి ఆయన నోటి వాసన తగిలింది. వక్క, జర్దా, వాటి వెనక ఎక్కడో పుచ్చిపోయిన పన్ను. మేకప్ వేసే మనిషి నోరు మన ముఖానికి జానెడు దూరంలో ఉంటుంది. చుట్టూ బల్బులు వెలుగుతుంటాయి. అంత దగ్గరగా, అంత వెలుతురులో ఆ నోటిని కట్టుకున్న భార్య కూడా చూసి ఉండదు. నేను పన్నెండేళ్ళు చూశాను.

ఆయన కంపెనీ మేకప్ చీఫ్. పెద్ద హీరోలకీ హీరోయిన్లకీ సొంత మేకప్ మనుషులుంటారు. మిగిలిన మేమందరం, అంటే అత్తలు, పక్కింటి పిన్నులు, కానిస్టేబుళ్ళు, శవం చుట్టూ కూర్చుని ఏడ్చేవాళ్ళు, కంపెనీ పౌడరు పూసుకోవలసిందే. తెనాలి వైపు నాటకాల్లో పనిచేసి ఇటు వచ్చాడని చెప్పుకునేవారు. పచ్చని మనిషి. ఎప్పుడూ తెల్ల చొక్కా, మోచేతుల దాకా మడిచిన చేతులు, చిగురు దాకా కత్తిరించిన గోళ్ళు. వెంట్రుకలకీ మీసానికీ నిగనిగలాడే నల్లరంగు. పొద్దున్నే మేకప్ గదిలోకి రాగానే అద్దానికి అంటించిన అమ్మవారి పటానికి మొదటి పఫ్ చూపించి, కళ్ళకద్దుకుని, అప్పుడు పని మొదలుపెట్టేవాడు. మాట తేనె. "తల్లీ" అనకుండా ఏ ఆడమనిషినీ పిలవలేదు.

శుభ్రం ఆయనకి పిచ్చి. తన గ్లాసు ఇంకొకరు ముట్టుకుంటే ఆ గ్లాసు మళ్ళీ వాడేవాడు కాదు. కుర్చీ పక్కన ఒక గిన్నెలో మందునీళ్ళు ఉండేవి. అందులో ముంచిన తువ్వాలుతో వేళ్ళు ఒక్కొక్కటే తుడుచుకునేవాడు. ఎప్పుడు తుడుచుకునేవాడో కనిపెట్టడానికి నాకు కొన్నాళ్ళు పట్టింది. హీరోయిన్‌కి టచప్ చెయ్యాల్సి వస్తే ముందు కడుక్కునేవాడు. మాకు చేశాక, తర్వాత కడుక్కునేవాడు.

మాకు వాడే పఫ్ ఒకటే. దాన్ని జనతా పఫ్ అనేవాడు ఆయనే, నవ్వుతూ. ఒకప్పుడు గులాబీ రంగులో ఉండేదట. నేను చూసేసరికి అంట్లు తోమే పీచులా అయిపోయింది. నలభై ముఖాల చెమట, నలభై నుదుళ్ళ కుంకుమ, జిడ్డు, పగిలిన మొటిమల రసి, అన్నీ అందులోకే. అది ముఖానికి తగిలినప్పుడు తడిగా, గోరువెచ్చగా ఉండేది. ముందు కూర్చుని లేచిన మనిషి వెచ్చదనం అది. కళ్ళకి గీత గీసే బ్రష్ మొనని పెదాల మధ్య పెట్టి, నాలుకతో తడిపి, సన్నగా చేసుకుని మా కనురెప్పల మీద గీసేవాడు. నీళ్ళ గిన్నె చేతికందే దూరంలోనే ఉండేది.

మా ఒడిలో పరిచిన తెల్లగుడ్డ మీద పౌడరు రాలేది కదా, ప్యాకప్ చెప్పగానే ఆ గుడ్డ నాలుగు కొసలూ పట్టుకుని దులిపి, రాలినదంతా పల్చటి పంచె ముక్కలో జల్లించి మళ్ళీ డబ్బాలో పోసేవాడు. జల్లెడలో వెంట్రుకలు మిగిలేవి. చుండ్రు మిగిలేది. ఒకసారి ఎవరిదో విరిగిన గోరు. వాటిని చిటికెతో తీసి పారేసి, "పౌడరు లక్ష్మీదేవి తల్లీ, నేలపాలు చెయ్యకూడదు" అనేవాడు. మర్నాడు ఆ లక్ష్మీదేవి మా ముఖాల మీదికి వచ్చేది.

మొదటి రోజు నాకింకా గుర్తుంది. జూబ్లీహిల్స్‌లో షూటింగులకి అద్దెకిచ్చే ఒక బంగళా, దాని కారు షెడ్డులో మేకప్. పెళ్ళిలో పక్కింటావిడ వేషం, రెండే మాటలు. ఆయన నా గడ్డం పట్టుకుని ముఖాన్ని దీపం వైపు తిప్పాడు.

"పేరేంటి తల్లీ?"

చెప్పాను. ఆయన వినలేదు.

"నీది తొమ్మిదో నంబరు రంగు. తొమ్మిది మన దగ్గర ఉండదు. నాలుగేస్తా" అని, డబ్బాలోంచి కొంచెం పొడి తీసి తన మణికట్టు లోపలివైపు రాసుకుని చూసుకున్నాడు. ఆ పచ్చటి మణికట్టు మీద అది చక్కగా కలిసిపోయింది. ఎవరికి ఏ పౌడరు వెయ్యాలన్నా ఆయన పరీక్ష చేసుకునేది అక్కడే. మా దవడ మీద రాసి చూడటం నేను ఎన్నడూ చూడలేదు.

"తెల్లగా ఉంటుందేమో కదండీ?" అన్నాను భయంభయంగా.

"తెల్లగా ఉంటే బాధేంటమ్మా? నల్లగా పుట్టడం తప్పు కాదు. నల్లగా కనిపించడం తప్పు."

షాట్‌లోకి వెళ్ళి నిలబడ్డాను. లైట్ల వేడికి చెమట పట్టి, ఆ పౌడరు బూడిదలా తేలింది. మెడ నా రంగు, ముఖం బూడిద రంగు. కెమెరా దగ్గర నుంచి ఎవరో "ఆ వెనకావిడెవరండీ, విభూది పండులా ఉంది?" అని అరిచారు. అందరూ నవ్వారు. మాస్టారు పరిగెత్తుకొచ్చి నా నుదుటి మీద అద్దుతూ "ఏం చెయ్యను సార్, ఈ చర్మం పౌడర్ని తాగేస్తుంది" అన్నాడు, గట్టిగా, అందరికీ వినిపించేలా.

నేనది నమ్మాను. నా చర్మమే పౌడరు తాగే చర్మం అనుకున్నాను. ఇంటికొచ్చి సున్నిపిండితో మంట పుట్టేదాకా రుద్దుకున్నాను. ఆ రోజు నుంచీ ఆయన నన్ను "తొమ్మిది" అనే పిలిచాడు. "ఏమ్మా తొమ్మిదీ, టిఫిన్ చేశావా?" ముఖం మీద పని ముగించి చిన్న అద్దం చేతికిచ్చి "ఎలా ఉంది?" అనేవాడు. అద్దంలో బూడిద ముఖం. "బాగుంది మాస్టారూ" అనేదాన్ని. పన్నెండేళ్ళలో ఎన్ని వందలసార్లు అన్నానో.

అనని మనిషి ఒకతె ఉండేది. యాదమ్మ. యూసుఫ్‌గూడలో ఉండే జూనియర్ ఆర్టిస్టు. గుంపులో నిలబడటమే తప్ప మాట లేని వేషాలు. నాకంటే అయిదారేళ్ళు చిన్న. కోలముఖం, పెద్ద కళ్ళు. గుంపులో ఎక్కడున్నా కెమెరా ఆమెనే వెతుక్కుని వెళ్ళేది. ఒకరోజు ఆమె ఇంటి నుంచి ఉతికిన తెల్లగుడ్డ ముక్క తెచ్చి ఆయన చేతికిచ్చింది.

"మాస్టారు, నాకు గీ బట్టతోని అద్దుండ్రి. గా పఫ్ వద్దు."

"ఎందుకు తల్లీ?"

"ఎందుకంటే ఏం జెప్పాలె? ఛీ, గది ముఖానికి పెట్టేదేనా? మా ఇంట్ల పొయ్యి గూడ దాంతోని తుడవ."

ఆయన నవ్వాడు. లేచి నిలబడి రెండు చేతులూ జోడించి "మహారాణీ గారు వేంచేశారు, దారివ్వండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆయన ఆ గుడ్డ తీసుకుని, ఆమె చూస్తుండగా దానితో తన చెప్పులు తుడుచుకుని తిరిగి ఇచ్చాడు. "శుభ్రంగా ఉంది తల్లీ, మంచి గుడ్డ" అన్నాడు. ఆ తర్వాత చాలా రోజులు ఆమెని అందరికంటే చివర్న కూర్చోబెట్టేవాడు, పఫ్ మరీ తడిసి ముద్దయ్యాక.

ఇక ఆ క్వారీ సినిమా సంగతి.

రాళ్ళు కొట్టే కూలీల కథ. ఫిల్మ్ నగర్‌లో స్టూడియో ఖాళీ స్థలంలో కంకర గుట్టలు పోసి సెట్ వేశారు. కూలిపిల్లగా నటించే హీరోయిన్ ముంబై నుంచి వచ్చింది. పాలరాయిలా ఉంటుంది. ఆమె సొంత మేకప్ మనిషి ప్రతిరోజూ రెండు గంటలు కూర్చుని ఆమెకి చామనఛాయ పూసేది. నాది కూలీల మేస్త్రమ్మ వేషం. మాటలు బాగానే ఉన్నాయి. నిజంగా చామనఛాయలో పుట్టిన యాదమ్మా, ఇంకో పాతికమంది ఆడవాళ్ళూ హీరోయిన్ వెనక తట్టలు మోస్తూ నడవాలి.

ఒక షాట్ తీశాక డైరెక్టర్ మానిటర్ ముందు తల పట్టుకున్నాడు. "మాస్టారూ, వీళ్ళ పక్కన మేడమ్ తేలిపోతోంది. అందరూ ఒకే రంగులో ఉన్నారు. వీళ్ళని ఇంకా డల్ చెయ్యండి. ముందు వరసని బాగా."

డల్ చెయ్యడమంటే నల్లబరచడం. తొమ్మిదో నంబరే కొనని ఆయన దగ్గర అంతకంటే ముదురు రంగు ఎక్కడిది? నేను మేకప్ గదిలో అద్దం ముందు కూర్చుని ఉన్నాను. ఆయన నా వెనక, నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. పక్క అద్దంలో ఆయన చేతులు నాకు కనిపిస్తున్నాయి. తన సంచిలోంచి తలకి వేసుకునే నల్లరంగు పొట్లాలు తీశాడు. ఒక్కొక్కదాన్నీ పంటితో చింపి పళ్ళెంలో పోశాడు. దాని మీద జల్లించిన జనతా పౌడరు, కొంచెం బొగ్గుపొడి వేసి వేళ్ళతో కలిపాడు. కలిపేముందు చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కున్నాడు.

"అది జుట్టుకేసేది కదా మాస్టారూ?" అన్నాను.

ఆయన వెనక్కి తిరగలేదు. అద్దంలోనే నన్ను చూశాడు. "రంగు రంగే తల్లీ. సాయంత్రం కడిగేసుకుంటారు."

"ముఖానికి వెయ్యకూడదని పొట్లం మీదే రాసి ఉంటుందండీ."

"వీళ్ళకి చదువొచ్చా ఏంటి? నీకేం భయం లేదులే, నీకు అక్కర్లేదు. నీకు దేవుడే వేసి పంపించాడు."

ఆ మాటకి నేను నవ్వానో లేదో గుర్తు లేదు. లేచి సెట్లోకి వెళ్ళిపోయానన్నది మాత్రం గుర్తుంది. బయట బెంచీల మీద పాతికమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. వాళ్ళ ముందు నుంచే నడిచి వెళ్ళాను.

యాదమ్మని ఆయన మొదటే పిలిచాడట. ముందు వరస కదా, మందంగా పూశాడట. "గిదేంది మాస్టారు, వాసనకు ముక్కు పలుగుతున్నది?" అందట ఆమె. ఎండలో చెమట పట్టేసరికి ఆ రంగు పని మొదలుపెట్టింది. మధ్యాహ్నం భోజనాల దగ్గరికి అందరూ ముఖాలు గోక్కుంటున్నారు. కొందరు వెళ్ళి కుళాయి కింద కడుక్కున్నారు. యాదమ్మకి కంటిన్యుటీ ఉందని, అంటే తర్వాతి షాట్లలోనూ ముఖం అలాగే ఉండాలని, కడుక్కోనివ్వలేదు. నాలుగింటికి నా దగ్గరికొచ్చింది.

"అక్కా, నా ముఖం సూడే. మస్తు మంట. కన్ను తెరుస్తలే."

చూశాను. ముఖం గుమ్మడికాయలా ఉబ్బింది. బుగ్గల మీద నీటి పొక్కులు. కొన్ని చితికి, నల్లరంగుతో కలిసి గడ్డం మీదుగా కారుతున్నాయి. కుడికన్ను పూర్తిగా మూసుకుపోయింది. ఆటో పిలిచి ఎక్కించారు. ఆటో గేటు దాటగానే డైరెక్టర్ "గ్యాప్ పూడ్చండి" అన్నాడు. ఆమె తట్ట ఇంకొకరికి ఇచ్చారు. మాస్టారు గిన్నెలో చేతులు కడుక్కుంటున్నాడు.

రెండు రోజుల తర్వాత పొద్దున నన్ను ఆయన అందరికంటే ముందు పిలిపించాడు. గదిలో ఎవరూ లేరు. కుర్చీని తలుపు దగ్గరికి, పగటి వెలుతురులోకి జరిపి ఉంచాడు. కూర్చోమన్నాడు. చేతులు కడుక్కున్నాడు. ముందు.

ఒక గాజుపలక మీద మూడు నాలుగు పొడులు కొంచెం కొంచెం పోశాడు. పసుపు రంగుది, ఇటుక రంగుది, కాఫీపొడి లాంటిది. చిన్న కత్తితో కలిపాడు, విడదీశాడు, మళ్ళీ కలిపాడు. మణికట్టు మీద రాసుకోలేదు. నా దవడ కింద, మెడా ముఖమూ కలిసేచోట వేలితో రాశాడు. వెనక్కి జరిగి కళ్ళు చికిలించి చూశాడు. తల అడ్డంగా ఊపి ఇంకో చిటికెడు పసుపు కలిపాడు. మళ్ళీ రాశాడు. అప్పుడు కొత్త పఫ్, పొట్లం విప్పని పఫ్, తీసి పౌడరు పట్టించి రుద్దకుండా మెల్లగా ఒత్తాడు. ముక్కు పక్కన, కళ్ళ కింద, పెదాల చివర. మిగిలినది మెత్తటి కుంచెతో దులిపాడు. పనిలో మునిగినవాడి ముఖం అది, ఆ కాసేపూ దాన్ని చూస్తే అసహ్యం కలగలేదని ఒప్పుకోవాలి.

అద్దం ఇచ్చాడు.

నా ముఖమూ నా మెడా మొదటిసారి ఒకే మనిషివిగా ఉన్నాయి. నల్లగానే ఉన్నాను. ఎంత బాగున్నానో! కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఇది ఎప్పుడు కనిపెట్టారు మాస్టారూ?"

"కనిపెట్టేదేముంది? నీ రంగు నాకు మొదటి రోజే తెలుసు."

"మరి ఇన్నాళ్ళూ?"

"నువ్వడిగావా? ప్రతిరోజూ బాగుంది మాస్టారూ, బాగుంది మాస్టారూ అనేదానివి. బాగుందన్నవాళ్ళకి ఇంత కష్టం ఎవరు పడతారు తల్లీ?"

మిగిలిన పొడిని ఒక చిన్న డబ్బాలో నింపి, పేపర్లో చుట్టి, నా సంచిలో ఆయనే పెట్టాడు. "ఇది నీ ఒక్కదానికే. అయిపోతే చెప్పు, కలిపిస్తా." తువ్వాలు మడుస్తూ అన్నాడు, "ఇవాళ ఆఫీసులో యాదమ్మ గొడవ ఉందట. నిన్ను కూడా పిలుస్తారు. నీకెందుకమ్మా అవన్నీ."

ఆ రోజు భోజనాల వేళ ఫిల్మ్ నగర్‌లోని ప్రొడక్షన్ ఆఫీసుకి పిలిచారు. బల్ల వెనక ప్రసాద్. ఒక పక్క మాస్టారు. ఇంకో పక్క కుర్చీలో యాదమ్మ, కుడికంటి మీద దూది, ముఖమంతా పసుపురంగు మందు. గదిలో చీము వాసన.

"ముందురోజు వంకాయేమైనా తిన్నావా తల్లీ?" అంటున్నాడు మాస్టారు, జాలిగా. "కొందరికి పడదు."

"వంకాయ తింటే గిట్లయితదా? నువ్వేం కలిపినవో జెప్పు. దవాఖానల డాక్టరు అడుగుతుండు."

"కంపెనీ పౌడరే కదమ్మా, అందరికీ వేసిందే."

యాదమ్మ నా వైపు తిరిగింది. "అక్క గా గదిలనే ఉండె. అక్కనడుగుండ్రి."

"మీరేమైనా చూశారా మేడమ్?" అన్నాడు ప్రసాద్.

ఏసీ చల్లగా ఉంది. నా ముఖం మీద ఆ పౌడరు కొంచెం కూడా చెదరలేదు, నాకు తెలుస్తూనే ఉంది. "నేను అద్దం వైపు తిరిగి ఉన్నానండీ. చూడలేదు" అన్నాను.

యాదమ్మ ఆ ఒక్క కంటితో నన్ను చూసింది.

అంతే. ఆయనకేమీ కాలేదు. యాదమ్మ ముఖం మానింది కానీ బుగ్గల మీద తెల్లవీ నల్లవీ మచ్చలు మిగిలిపోయాయి. కుడి రెప్ప సగం వాలిపోయింది. ఆ తర్వాత గుంపు వేషానికి కూడా ఎవరూ పిలవలేదు. నాకు మాత్రం ఆ సినిమాతో మంచి రోజులొచ్చాయి. క్లోజప్‌లు పెట్టారు. "ఫ్రేములో మీ ముఖం భలే ఉంటుందండీ" అన్నారు. ఆ డబ్బా అయిపోతే మాస్టారి దగ్గరికి వెళ్ళి మళ్ళీ కలిపించుకున్నాను. ఒకసారి కాదు, రెండుసార్లు. రెండోసారి వెళ్ళినప్పుడు ఆయన ఎవరి కంటికో గీత గీస్తున్నాడు. బ్రష్ నోట్లోంచి తీసి నన్ను చూసి నవ్వాడు. నేనూ నవ్వాను.

ఇవీ నాకు దొరికిన మంచి మాటలు.

ప్రసాద్ ఫోన్ వచ్చిన ఆ ఆదివారం చర్చికి వెళ్ళలేదు. కట్టుకున్న చీరతోనే ఆటో ఎక్కి యూసుఫ్‌గూడ వెళ్ళాను. యాదమ్మ అక్కడ ఒక లేడీస్ హాస్టల్లో వంట చేస్తోందని విన్నాను. వెనకవైపు వంటింట్లో పెద్ద గిన్నెలో టమాటాలు తరుగుతోంది. నన్ను చూసి కత్తి ఆపలేదు.

"రా అక్కా. మస్తు దినాలాయె."

"మాస్టారు పోయాడు యాదమ్మా."

"గట్లనా?" అంది. ఇంకో టమాటా తీసుకుంది.

నేను నిలబడే చెప్పాను. అద్దంలో చూసింది చెప్పాను, పొట్లాలు చెప్పాను, చేతులకి సంచులు తొడుక్కున్నది చెప్పాను. నాకిచ్చిన డబ్బా గురించీ చెప్పాను. మధ్యలో ఏడుపొచ్చింది. ఆమె ఆపమనలేదు, ఊరుకోమనలేదు.

అంతా అయ్యాక అంది. "నాకెర్కనే. ఆఫీసుల కూసున్నప్పుడే ఎర్కయింది. గా దినం నువ్వు మస్తు మంచిగున్నవ్ అక్కా. గన్నేండ్లల్ల ఎన్నడు గట్ల లేవు. ఒక్క కన్నుతోని సూస్తె గూడ కనవడ్డది. ఈయన ఈమెకేదో ఇచ్చిండు అనుకున్న."

నేను కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను.

"మాఫ్ చెయ్యమనొచ్చినవా?"

"లేదు" అన్నాను. అబద్ధం. అందుకే వచ్చాను.

"మరి గీడ నాకు చెప్పుడేంది? నా ముఖానికి తెల్వదా? గాళ్ళకు చెప్పు పోయి." కత్తి కింద పెట్టి చేతులు కడుక్కుంది. "చాయ్ తాగుతవా?"

సభ చిన్న హాల్లో. వేదిక మీద ఆయన ఫోటో, చామంతి దండ. ముందు వరసలో ఆయన భార్య, సన్నటి మనిషి, ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. ఆయన చెయ్యి పడితే రాయి రత్నమయ్యేదన్నారు. తల్లిలా అద్దేవాడన్నారు. చిన్నా పెద్దా తేడా చూపలేదన్నారు.

నా పేరు పిలిచారు. వెళ్ళి మైకు పట్టుకున్నాను. జనతా పఫ్‌తో మొదలుపెట్టాను. కొందరు నవ్వారు, సరదా కబురు చెబుతాననుకుని. జల్లెడలో గోరు దగ్గరికి వచ్చేసరికి నవ్వులు ఆగాయి. క్వారీ సెట్, తలకేసే రంగు పొట్లాలు, యాదమ్మ ముఖం, వంకాయ. ప్రసాద్ వేదిక పక్కకి వచ్చి "మేడమ్, టైమ్, టైమ్" అంటున్నాడు. "ఇది నేను నా కళ్ళతో చూశాను" అని గట్టిగా చెప్పి దిగాను. చప్పట్లు లేవు. ఎవరో "చచ్చినవాడి మీదా ఇవన్నీ" అన్నారు.

బయట మెట్ల మీద ఆయన భార్య నా వెనకే వచ్చింది. తిడుతుందనుకున్నాను. "ఆయన సంగతి నాకు తెలీదనుకున్నావా అమ్మా?" అంది నెమ్మదిగా. "ఇవాళే చెప్పాలా?"

"ఏ రోజు చెప్పాలండీ?" అన్నాను.

ఆమె కొంగు సర్దుకుని లోపలికి వెళ్ళిపోయింది. మెట్లు దిగుతుంటే నా ఒళ్ళు తేలికైంది. పెద్ద పని చేశాననిపించింది. ఆటోలో ఇంటిదాకా ఆ తేలికతోనే వచ్చాను.

ఎవరో వీడియో తీసి పెట్టారు. రెండు రోజుల తర్వాత యాదమ్మ ఫోన్ చేసింది.

"సూసిన అక్కా. హాస్టల్ పిల్లలు సూపెట్టిండ్రు."

"ఊఁ."

"మంచిగ జెప్పినవ్. ఆయన సంగతి మొత్తం జెప్పినవ్." వెనక కుక్కర్ కూత వినిపించింది. "నీ సంగతి చెప్పలే."

నేను కుర్చీలో కూర్చున్నాను. "అవును. చెప్పలేదు."

"ఎందుకు చెప్పలే?"

సిగ్గేసిందందామనుకున్నాను. అది నిజం కాదు. మైకు పట్టుకుని నిలబడి ఆయన్ని అసహ్యించుకుంటుంటే నాకెంత హాయిగా ఉందో, పన్నెండేళ్ళ కుళ్ళంతా ఆయన ఒక్కడి నోట్లోనే ఉన్నట్టు ఎంత శుభ్రంగా అనిపించిందో, అందులోకి నన్ను తెచ్చుకోబుద్ధి కాలేదు. ఆ మాటే ఆమెకి చెప్పాను, ఎలా వస్తే అలా.

యాదమ్మ పూర్తిగా విన్నది.

"గాళ్ళకు గూడ గట్ల జెప్పు" అని ఫోన్ పెట్టేసింది.